బందరు యాత్ర

కొండకల్ నుండి బందరుకు విహారయాత్ర అనగానే మా ఉర్దూ విద్యార్థులు ముసిముసిగా నవ్వారు. వారి భాషలో బందర్ అంటే కోతి. ఫారసీలో ఆ మాటకు రేవు అని అర్థమని చెప్పి, వారిని వెంటబెట్టుకొని బయలుదేరాము.

మనకు సమీపాననే ఉన్న గోలకొండకు ఒకనాడు సముద్రద్వారం ఈ మచిలీపట్నమే. కుతుబ్‌షాహీల కాలంలో ఇక్కడి అద్దకపు వస్త్రాలు పారశీక దేశానికి తరలిపోయేవి; హజ్ యాత్రికులు ఇక్కడ ఓడలెక్కేవారు. 1611లో ఆంగ్లేయులు వర్తకస్థానం నెలకొల్పుకున్నారు. 1864 నవంబరు 1 నాటి ఉప్పెనలో సుమారు 30,000 మంది అసువులు బాసారు. ఇంత చరిత్ర విని వచ్చిన విద్యార్థులకు డచ్చివారి సమాధులు, బందరుకోట శిథిలాలు మాత్రమే కనిపించాయి. వారితోపాటు మేమూ చిన్నబోయాము.

సాయంకాలం పెడనలో ఒక కలంకారీ పనివారి పాక చేరాము. “కలం ఏదండీ?” అని ఒక విద్యార్థి తెలుగులో అడిగాడు. తెలుగు తన భాష కాదని ఏడాది పొడవునా తరగతిలో మాతో వాదించినవాడు అతడే.

“ఇక్కడ కొయ్య అచ్చులతోనే అద్దుతాము బాబూ. పేరు మాత్రం కలంకారీయే” అన్నాడు ఆ వృద్ధుడు.

“కలం మా మాట కదా!”

“మాదీ అదే మాట” అని ఆయన అచ్చును అతని చేతికిచ్చాడు.

అతడు దానిని రంగులో ముంచి, గుడ్డపై వంకరగా అద్దాడు. మేము బోధింపలేని పాఠం అక్కడ పూర్తయింది. తిరుగుప్రయాణంలో బందరు పేరు విని ఎవరూ నవ్వలేదు.