అక్క పింఛను ఏ ఊరిది?

పొద్దున్నే కాఫీ గ్లాసు పట్టుకుని కూర్చున్నానో లేదో ఫోను మోగింది. అవతల మా అక్క. తోడబుట్టింది కాదు గానీ, అంతకంటే ఎక్కువే. మా పెద్దమ్మ కూతురు.

"చెల్లె, నా పింఛను మీద అమెరికావోళ్ళకు హక్కేందే?" అంది, పలకరింపైనా లేకుండా.

అక్క గురించి కాస్త చెప్పాలి. సాగర్ రోడ్డు మీద మాల్ దాకా వెళ్ళి పక్కకు తిరిగితే మర్రిగూడ వస్తుంది. ఫ్లోరైడు నీళ్ళకు పేరుపడ్డ ప్రాంతం. ఆ నీళ్ళు తాగుతూ, ఆ చుట్టుపక్కల సర్కారు బళ్ళలో 33 ఏళ్ళు పిల్లలచేత అఆలు దిద్దించింది. మోకాళ్ళు అక్కడే ధారపోసి, పింఛను తెచ్చుకుంది. బావ పోయాక డాలస్‌లో ఉన్న కొడుకు గ్రీన్‌కార్డు వచ్చేలా చేసి తన దగ్గరికి తీసుకుపోయాడు.

నెలకు యాభై వేలు ఊళ్ళో బ్యాంకులో పడుతుంది. ఆ డబ్బు ముట్టుకోదు. పడిందని ఫోనుకు మెసేజి వస్తే చాలు, ఆ రోజంతా ముఖం వెలిగిపోతుంది. పిల్లలు ఎంత బాగా చూసుకున్నా, కొంగున ముడేసుకున్న సొంత రూపాయి ధీమా వేరు. మీకు తెలియనిదా?

ఇప్పుడు కొడుకు పన్ను కాగితాలు ముందేసుకుని, "అమ్మా, నీ పింఛను కూడా చూపించాలి" అన్నాడట. అంతే, అక్కకు కన్నీళ్ళొక్కటే తక్కువ.

"నేను చాక్‌పీసు పొడి మింగి సంపాయించిన పైసలు. గా దేశపోడు నాకు ఒక్క బలపమన్న కొనిచ్చిండా?"

నేను చదివింది బి.ఏ. తెలుగు, చరిత్ర. నవలల్లో కోట్లు ఖర్చు పెట్టిస్తాను గానీ, పాలవాడి లెక్క రెండుసార్లు చూసుకుంటేగాని తేలదు. అయినా అక్క అడిగిందాయె. మా వీధిలో ఉండే ఆడిటరు గారి దగ్గరకు వెళ్ళాను. ఆయన చెప్పింది విన్నాక, పన్ను కాగితాల్లోనూ కథలుంటాయని నమ్మకం కుదిరింది.

మన దేశానికీ అమెరికాకీ 1989 సెప్టెంబరులో ఒక ఒప్పందం జరిగింది. ఒకే ఆదాయం మీద ఇద్దరూ పన్ను గుంజకుండా చూడటానికి. అందులో ప్రభుత్వోద్యోగి పింఛను గురించి ప్రత్యేకంగా రాసుకున్నారు: ఏ ప్రభుత్వం పింఛను ఇస్తుందో పన్ను దానికే. ఆ మనిషి రెండో దేశంలో కాపురముండి, ఆ దేశ పౌరురాలు కూడా అయిపోతేనే ఆ హక్కు అటు మారుతుంది.

"అయితే అక్క మాటే నెగ్గింది!" అన్నాను సంబరంగా.

"ఆగండమ్మా" అన్నారాయన. అమెరికా ఒక మెలిక పెట్టుకుందట. తన పౌరులకూ, గ్రీన్‌కార్డు వాళ్ళకూ ఈ మినహాయింపు వర్తించదట. వాళ్ళ ఆదాయం ప్రపంచంలో ఎక్కడిదైనా సరే లెక్కలో చూపాల్సిందే. ఇక్కడ కట్టిన పన్నును అక్కడి పన్నులో తగ్గించుకోవచ్చు. అంతేకాదు, ఇక్కడి బ్యాంకుల్లో ఉన్న మొత్తం ఏడాదిలో ఏ ఒక్కరోజైనా 10,000 డాలర్లు దాటితే ఆ సంగతీ విడిగా తెలియజేయాలి. అది పన్ను కాదు, కబురు. చెప్పకపోతే జరిమానా మాత్రం గట్టిదే. ముట్టుకోకుండా దాచిన అక్క పింఛను ఆ గీత ఎప్పుడో దాటింది.

అసలు తమాషా ఇంకోటుంది. అమెరికాలో అక్క కట్టాల్సింది సున్నా. ఏడాదికి ఆరు లక్షలంటే ఇంచుమించు ఏడు వేల డాలర్లు. అక్కడ అందరికీ ఇచ్చే మామూలు తగ్గింపు అంతకు రెట్టింపు పైనే ఉంది. కట్టాల్సింది మనకే! 2025-26 నుంచి కొత్త పద్ధతిలో 12 లక్షల దాకా ఆదాయముంటే పన్ను లేదంటున్నాం కదా, ఆ రాయితీ ఇక్కడ నివాసమున్న వాళ్ళకేనట. మర్రిగూడలో ఉంటే పైసా కట్టనక్కర్లేని అక్క, డాలస్‌లో ఉన్నందుకు 6,500 రూపాయలు కట్టాలి.

తిరిగి వచ్చేవాళ్ళ సంగతి వేరు. అమెరికాలో పనిచేసి ఇక్కడ స్థిరపడిన వాళ్ళకు అక్కడి సోషల్ సెక్యూరిటీ పింఛను వస్తుంటే, దాని మీద మన ప్రభుత్వం పన్ను వేయదు. అక్కడి పౌరులు కాకుండా, గ్రీన్‌కార్డు కూడా వదులుకుని వచ్చినవాళ్ళకైతే అమెరికాయే నూటికి 25.5 చొప్పున పట్టుకుని పంపుతుంది. అదే అక్కడి కంపెనీ ఇచ్చే పింఛనైతే, పన్ను మనిషి కాపురమున్న చోట. ఒక పింఛనుకు పుట్టిల్లు ముఖ్యం, ఇంకోదానికి మెట్టినిల్లు. ఆడపిల్ల బతుకే అనుకోండి!

రాత్రి అక్కకు ఫోను చేసి అన్నీ చెప్పాను. "ఏడాదిలో 182 రోజులు ఇక్కడుంటే ఆ 6,500 కూడా తప్పుతుందట, అక్కా" అని చివర్న కలిపాను.

"ఆరు వేలకు ఆర్నెల్లు మనవణ్ణి ఇడిశి రానా? కడతలే. మనూరి సర్కారుకే గదా" అంది. గొంతులో పొద్దుటి వేడి లేదు.

ఇంతలో వెనకనుంచి మేనల్లుడి గొంతు. "పిన్నీ, ఇంకో చిక్కుంది. అమ్మను నా మీద ఆధారపడ్డ మనిషిగా రాసుకుంటే నాకు 500 డాలర్లు తగ్గేది. కానీ వాళ్ళ సొంత ఆదాయం 2025 లెక్కకు 5,200 డాలర్ల లోపుంటేనే అట్లా రాయాలి. అమ్మ పింఛను అంతకంటే ఎక్కువ. రాయడానికి లేదు."

అటు కాసేపు చప్పుడు లేదు. అయ్యో, ఇప్పుడేమంటుందో అని నేను ఊపిరి బిగబట్టాను.

"మళ్ళొకసారి చెప్పురా" అంది అక్క.

వాడు మళ్ళీ చెప్పాడు.

"అంటే నేను ఎవరి మీద ఆధారపడ్డదాన్ని గాదని అమెరికా సర్కారే ఒప్పుకున్నట్టు గదా?"

"అంతేనమ్మా."

"అయితే చూపియ్యి బిడ్డా. ఒక్క రూపాయి తక్కువ గాకుండ చూపియ్యి" అంది.