మూడు తెరలు – ఒక తీగ

సావనీరుకు ఏదైనా రాసివ్వమని యూనియన్ కుర్రాళ్ళు వచ్చి కూర్చున్నారు. "మాస్టారూ, మీరు ఫిజిక్సు గదా, అంతరిక్షం మీద రాయండి" అన్నారు. అంతరిక్షం మీద రాసేవాళ్ళకు ఏం కొదవ? లాప్‌టాప్‌కి రెండేసి మానిటర్లు తగిలించే డాకింగ్ స్టేషన్ అనే పెట్టె ఒకటుంది. అగరొత్తుల పెట్టెకంటే కాస్త పెద్దది. దాన్ని గురించి మన వన్‌టౌన్ మనిషి ఎవరూ రాయగా నేను చూళ్ళేదు. కనుక దాని మీదే రాస్తాను. నవ్వేవాళ్ళు నవ్వండి. ఒక సంసారం ఆ పెట్టె కోసం నెలన్నర ఎదురుచూసిందని విన్నాక కూడా నవ్వొస్తే, అది మీ ఇష్టం.

మా అక్క డి.టి.పి. చేస్తుంది. పాతికేళ్ళ పైమాటే. పగలు బ్రాహ్మణవీధి పక్క సందులో ఒక ప్రెస్సులో పని, రాత్రి సింగ్‌నగర్‌లో సొంత ఇంటి పని. ఇంట్లో పని అంటే వంట అనుకునేరు. అదీ ఉందిలెండి, కాని నేననేది ఇంటికి తెచ్చుకున్న కంపోజింగు. గైడ్లు, శుభలేఖలు, అన్నిటికంటే ముఖ్యంగా పంచాంగం. 2024 సెప్టెంబరు 1న బుడమేరు సింగ్‌నగర్ మీద పడింది. ఒకపక్క బ్యారేజీ దగ్గర కృష్ణ 11 లక్షల క్యూసెక్కులు దాటి పోతూవుంటే, ఇంకోపక్క ఈ ఏరు ఇళ్ళలోకి వచ్చింది. అక్కావాళ్ళు మేడ మీది వాళ్ళింట్లో తలదాచుకున్నారు. కింద గదిలో సి.పి.యు., రెండు మానిటర్లు, యు.పి.ఎస్. అన్నీ రోజుల తరబడి నీళ్ళలోనే ఉన్నాయి. సిద్ధాంతిగారి చేతిరాత కాగితాల కట్ట మాత్రం అటక మీద ఉండబట్టి దక్కింది. వచ్చే ఉగాది విశ్వావసు. పంచాంగం ఆలోపు అచ్చయి, కుట్టయి, బజారుకెక్కాలి. ఉగాది మర్నాడు పంచాంగం ఎవడిక్కావాలి?

నీళ్ళు తీశాక అక్క అన్న మొదటి మాట, "ఒరేయ్, ఇక నుంచి మోసుకుపోయేదే కొంటానురా." అలా లాప్‌టాప్ వచ్చింది. బావగారు చీటీపాట ఎత్తి మరీ డబ్బు కట్టారు.

అంతవరకూ బాగానే ఉంది. లాప్‌టాప్ తెర పదిహేనంగుళాల చిల్లర. పంచాంగం పని ఆ తెర మీద సాగదు. ఎందుకు సాగదో చెప్పాలంటే మా నాన్నగారి సంగతి చెప్పాలి. ఆయన ఇదే వన్‌టౌన్‌లో సీసపు అక్షరాలు పేర్చిన కంపోజిటరు. తెలుగుకు అచ్చులు, హల్లులు, గుణింతాలు, వత్తులు అన్నీ కలిపి కేసుల్లో వందల గళ్ళు. ఆయన నిలబడితే ఎదురుగా కేసు, పక్కన రాతప్రతి, ఎడమచేతిలో స్టిక్కు. మూడూ ఒక్క చూపులో ఉండేవి. రాతప్రతి చూడ్డానికి కేసును, కేసు చూడ్డానికి రాతప్రతిని దాచిపెట్టుకోవలసిన అవస్థ ఆయనకు ఎన్నడూ లేదు. కంప్యూటరు వచ్చి సీసాన్ని పంపించేసింది గాని, ఆ మూడు చూపుల అవసరాన్ని పంపలేదు. అక్కకు ఒక తెర మీద సిద్ధాంతిగారి రాత స్కాను, ఇంకోదాని మీద నిరుటి పంచాంగం పేజీ, మధ్యలో తాను కడుతున్న పేజీ ఉండాలి. ఒక్క తెర మీద మార్చి మార్చి చూస్తే ఏమవుతుందంటే, పదోసారికి కన్ను చదవడం మానేసి జ్ఞాపకం చదువుతుంది. తిథి వెళ్ళే నిమిషాల్లో 25 కాస్తా 52 అవుతుంది. దాన్ని నమ్ముకుని ఎక్కడో దివిసీమలో ఒక పెళ్ళిపందిరి లేస్తుంది. తప్పు పడితే మరుసటేడు ఆ పంచాంగం పని ఇంకో ప్రెస్సుకు పోతుంది.

గవర్నరుపేటలో ఒక షాపు అతను అక్కకు ఒక హబ్బు అంటగట్టాడు. ఒకవైపు టైప్-సి మొన, ఇంకోవైపు రెండు హెచ్.డి.ఎం.ఐ. రంధ్రాలు. "పెట్టండమ్మా, పనిచేస్తుంది" అన్నాడట. పెడితే రెండు మానిటర్లూ అమావాస్యే. తిరిగి తీసుకెళ్తే "మీ లాప్‌టాప్ పోర్టు పోయిందమ్మా" అని, హబ్బు వెనక్కి తీసుకోడానికి ఒప్పుకోలేదు. ఆ సాయంత్రం అక్క నాకు ఫోను చేసింది. ఏడ్వలేదు గాని గొంతు అదోలా ఉంది.

పోర్టు పోలేదు. ఇక్కడే ఉంది కిటుకంతా. టైప్-సి అనేది రంధ్రం ఆకారానికి పేరు, అందులో పారేదానికి పేరు కాదు. మన డెల్టా వాళ్ళకు ఇది చెప్పడం తేలిక. లాకుల తలుపులన్నీ చూడ్డానికి ఒక్కలాగే ఉంటాయి. వెనక ఉన్నది ప్రధాన కాలవా, పంటబోదా, అసలు నీరే వదలని మురుగు కాలవా అన్నది తలుపు చూస్తే తెలియదు. కొన్ని టైప్-సి పోర్టుల్లో డేటా మాత్రమే పోతుంది. కొన్నిటిలో దాంతోపాటు డిస్‌ప్లేపోర్ట్ అనే బొమ్మల ప్రవాహం కూడా పోతుంది. వాటి పక్కన చాలా కంపెనీలు డి, పి కలిపిన చిన్న గుర్తు వేస్తాయి. మెరుపు గుర్తు ఉండి అది థండర్‌బోల్ట్ అయితే ఇంకా పెద్ద కాలవ. అయితే కొందరు చార్జింగుకూ మెరుపే వేస్తారు గనుక గుర్తును మాత్రమే నమ్మకూడదు. కంపెనీ వివరాల పట్టికలో పోర్టు ఎదురుగా ఏం రాశారో చదవాలి. అక్క లాప్‌టాప్ పట్టికలో "డేటాకు మాత్రమే" అని శుభ్రంగా రాసివుంది. ఆ హబ్బు లోపల బొమ్మలు తయారుచేసే సరంజామా ఏమీ ఉండదు. లాప్‌టాప్ పంపిన బొమ్మను దాటిస్తుందంతే. పైన వదలని నీరు బోదెలోకి ఎలా వస్తుంది?

లెక్క కూడా చూద్దాం, ఫిజిక్సు వాణ్ణి గనుక తప్పదు. మామూలు మానిటరు తెర మీద 1920 అడ్డం, 1080 నిలువు చుక్కలు. హెచ్చిస్తే 20,73,600. చుక్కకు 24 బిట్లు, సెకనుకు 60 సార్లు. మొత్తం 298 కోట్ల బిట్ల పైచిలుకు, అంటే సుమారు 3 గిగాబిట్లు. రెండు తెరలకు 6. ఫోర్-కె మానిటరు దీనికి నాలుగింతలు, ఒక్కదానికే 12. డిస్‌ప్లేపోర్ట్ 1.2 ఉన్న టైప్-సి, సగం దారులు డేటాకు వదిలి మిగతా సగం బొమ్మకిస్తే, దక్కేది 8.64 గిగాబిట్లు. మామూలు తెరలు రెండు హాయిగా నడుస్తాయి. ఫోర్-కె ఒక్కటి కూడా 60 మీద నడవదు; 30కి దిగితే నడుస్తుంది గాని, బాణం గుర్తు జీళ్ళపాకంలో ఈదినట్టుంటుంది. డాక్ పెట్టె మీద "రెండు ఫోర్-కె తెరలు" అని అచ్చేసి, సెకనుకు ఎన్నిసార్లో అడుగున చీమతలకాయలంత అక్షరాల్లో వేసేది ఇందుకే. థండర్‌బోల్ట్ 3, 4 వాటికి 40 గిగాబిట్లు. వాటి డాకుల ధర కూడా అంతెత్తునే ఉంటుంది. మన బ్యారేజీ ఎడమగట్టున ఏలూరు కాలవ, రైవస్ కాలవ, బందరు కాలవ మూడూ పారుతున్నాయంటే నదిలో ఉండబట్టి గాని, కాలవలు తవ్వినందుకు కాదుగదా. డాక్ పంచగలదు, పుట్టించలేదు.

ఫోర్-కె మానిటర్లు కొంటానని బావగారు ఉబలాటపడ్డారు. నేను వద్దన్నాను. అక్క పనిచేసేది ఇప్పటికీ పేజ్‌మేకరులో, అనూ ఫాంట్లతో. పేజ్‌మేకరు 7 వచ్చింది 2001లో. అంత చిక్కటి తెరల సంగతి దానికి తెలియదు. ఫోర్-కె మీద దాని బొత్తాలు ఆవగింజలైపోతాయి. నలభై దాటిన కళ్ళకు ఆ ఖర్చు శిక్షే. కనుక మామూలు తెరలే, కాకపోతే ఎత్తు సర్దుకునే స్టాండువి.

మరి డేటా మాత్రమే పోయే రంధ్రంలోంచి బొమ్మ ఎలా? దానికి డిస్‌ప్లేలింక్ అనే పద్ధతి ఉంది. లాప్‌టాప్ లోపలే ఒక డ్రైవరు బొమ్మను కుదించి మామూలు డేటాగా పంపిస్తుంది. డాక్‌లోని చిప్పు దాన్ని విప్పి తెరకిస్తుంది. టపాలో పంపే పరుపు దూదిని నొక్కికట్టినట్టు. ఈ నొక్కడం లాప్‌టాప్ ప్రాసెసరు మీద పడే పని. అందుకే ఆటలాడేవాళ్ళకూ వీడియో ఎడిటింగు చేసేవాళ్ళకూ దీన్ని నేను చచ్చినా చెప్పను. కాని అక్క తెర మీద కదిలేదేముంది? నిరుటి పేజీ గంటసేపు అలాగే నిలబడివుంటుంది. మారిన ముక్కే పంపే పద్ధతికి ఇంతకంటే మంచి గిరాకీ ఏముంటుంది!

రెండు దార్లు అక్క ముందు పెట్టాను. ఒకటి చవక: లాప్‌టాప్‌కున్న హెచ్.డి.ఎం.ఐ. రంధ్రానికి ఒక మానిటరు, రెండోదానికి డిస్‌ప్లేలింక్ తీగముక్క ఒకటి. రెండోది డాకే, ఖర్చు దాదాపు రెట్టింపు. అక్క కాస్సేపు లెక్కేసుకుంది. రూపాయలు కాదు, తీగలు. ప్రెస్సులో రెండు మానిటర్లు, కీబోర్డు, మౌసు, స్కానరు. పొద్దున అయిదు తగిలించడం, సాయంత్రం అయిదు పీకడం. "పంజా సెంటర్లో బస్సు నాకోసం ఆగదురా. ఒకటే తీగ కావాలి" అంది. తరవాత మెల్లిగా, "నీళ్ళొస్తే కూడా ఒకటే లాగాలి" అంది. డాకే కొన్నాం.

ఒకటే అన్నాను గాని నిజానికి రెండు. ఆ లాప్‌టాప్ చార్జరు గుండ్రటి పిన్నుది. డాక్ నుంచి కరెంటు తీసుకోదు. టైప్-సి మీద చార్జి అయ్యేదైతే డాక్ ఎన్ని వాట్లు ఇస్తుందో చూసుకోవాలి. 65 అడిగే యంత్రానికి 45 ఇస్తే మధ్యాహ్నానికి బ్యాటరీ నీరసపడుతుంది. ఇంకో సంగతి. డాక్‌కు సొంత అడాప్టరు ఉంటుంది. దాన్నీ మానిటర్లనూ యు.పి.ఎస్. మీద పెట్టకపోతే, కరెంటు పోగానే పేజీలన్నీ బిలబిలమంటూ లాప్‌టాప్ తెర మీదికి వచ్చి పడతాయి. విండోస్ 11 అయితే మళ్ళీ తగిలించగానే వాటిని వాటి చోట్లకు పంపే ప్రయత్నం చేస్తుంది.

కోడింగు చేసే మన విద్యార్థుల్లో మ్యాక్ ఉన్నవాళ్ళకు ఒక్క మాట. ఒకే ప్రవాహాన్ని రెండు తెరలకు పంచే ఎం.ఎస్.టి. డాకులు విండోస్‌లో చక్కగా పనిచేస్తాయి. మ్యాక్‌కు తగిలిస్తే రెండు మానిటర్ల మీదా ఒకే బొమ్మ కవలపిల్లల్లా కనిపిస్తుంది. పైగా 2020లో వచ్చిన ఎం-1 లాప్‌టాప్‌లు బయట ఒక్క తెరనే ఒప్పుకుంటాయి. వాటికి రెండో తెర కావాలంటే డిస్‌ప్లేలింక్ లాంటి పద్ధతే దిక్కు.

పంచాంగం పుష్యమాసం లోపే అచ్చుకు వెళ్ళింది. సిద్ధాంతిగారు ఫారాలు తిరగేసి రెండు చోట్ల పెన్సిలు గీశారట. రెండూ ఆయన రాతప్రతిలోనే ఉన్న తప్పులు. ఈ సంగతి చెప్పేటప్పుడు అక్క ముఖం చూడాలి మీరు!

అక్క ఇప్పుడు తెలిసినవాళ్ళకు ఒకటే చెబుతూవుంటుంది. లాప్‌టాప్ సంచిలో పెట్టుకుని షాపుకే వెళ్ళండి. అక్కడే రెండు మానిటర్లు పెట్టించండి. మౌసు బాణం మొదటి తెర అంచు దాటి రెండోదానిలోకి నడిచిందాకా డబ్బు తీయకండి. పెట్టి చూపించనన్నవాడికి నమస్కారం పెట్టి పక్క షాపు మెట్లెక్కండి.

ఆ పాత హబ్బు మా ఇంట్లోనే ఉంది. దానికున్న మామూలు యు.ఎస్.బి. రంధ్రాలు పనిచేస్తూనే ఉన్నాయి. పెన్‌డ్రైవులకు నేను వాడుకుంటున్నాను.