వెండి ఫలకాలు

క్రీ.శ. 810 ప్రాంతంలో చార్లెమాన్ చక్రవర్తి దూతలు మూడవ లియో పోపుతో వాదించారు. పవిత్రాత్మ పిత నుండియే కాక ‘పుత్రుని నుండియు’ బయలుదేరుతున్నాడని ఫ్రాంకులు విశ్వాస సంగ్రహంలో చేర్చి పాడుతున్నారు. భావం సత్యమేనని లియో అంగీకరించాడు. కాని ఆపదలో తనను ఆదుకున్న చక్రవర్తి కోరినా ఆ చేర్పునకు సమ్మతించలేదు. పాత పాఠాన్నే గ్రీకు, లాటిన్ భాషలలో వెండి ఫలకాలపై చెక్కించి పేతురు ఆలయంలో నిలిపాడు.

పోపు అధికారాన్ని నిరంకుశత్వమని తలచేవారు ఆ ఫలకాలను స్మరించాలి. 1014లో ఆ మాట రోము పూజలోనూ చేరింది, నిజమే. గ్రీకు పాఠంలో మాత్రం కథోలిక సంఘం నేటికీ చేర్చలేదు. పోపు నిర్ణయాత్మక బోధనలో పొరపాటు ఉండదని ప్రకటించిన 1870 నాటి వాటికన్ మహాసభయే, ఆ వరం కొత్త సిద్ధాంతాలు కల్పించడానికి కాదని, అందిన విశ్వాసాన్ని కాపాడడానికేనని చాటింది.

తాళపుచెవులు పేతురు చేతిలో ఉన్నాయి. ధనాగారం ఆయన ప్రభువుది.