వీలునామా, జీతం, జీవో 98: నందికొట్కూరు నుంచి అక్కకు

నందికొట్కూరు
మంగళవారం

అక్కా,

ఊరి సంగతి ముందు చెప్పేస్తే నీకు నెమ్మది. కర్నూలు నుంచి ఆత్మకూరు పోయే రోడ్డు మీది ఊరు ఇది. 2022 నుంచి నంద్యాల జిల్లాలోకి వచ్చింది గానీ నా నోటికి ఇంకా కర్నూలు జిల్లా అనే వస్తోంది. కె.సి. కాలువ నీళ్లు అందిన చేను ఏదో, అందనిది ఏదో బస్సు కిటికీలోంచే తెలిసిపోతుంది. ఎండ మన ప్రొద్దుటూరు ఎండే. ఇక నువ్వు రాసిన మాటకొస్తా. ప్రయాణంలో దయ్యాల నవలలూ ప్రేమ నవలలూ పెట్టుకుని కాలం పాడుచేస్తున్నానని, చదివితే ఆత్మకథలే చదవాలని, అవి ఒక్కటే నిజమని తీర్పు చెప్పేశావు. ఈ మూడు రకాలనూ ఒకే సంచిలో వేసుకుని వరసగా చదివినవాడిగా నేను చెప్పేది వేరు. భయమైనా, ప్రేమైనా, జ్ఞాపకమైనా పాఠకుడు నమ్మేది అందులోని పెద్ద ఉద్వేగం చూసి కాదు, దాని వెనకున్న ఇంటి లెక్క చూసి. ఎవరు ఏం తిని బతుకుతున్నారు, ఆ డబ్బు ఎక్కడిది, ఏ కాయితం మీద ఎవరి సంతకం ఉంది అన్నది రాసినంతసేపూ పుస్తకం నిలబడుతుంది. అది మరిచిపోయిన పేజీ దగ్గర కూలబడుతుంది. కల్పనా, నిజమా అన్న గీత నువ్వు గీసిన చోట లేదు.

యండమూరి ‘తులసిదళం’ తీసుకో. ఆంధ్రభూమి వారపత్రికలో సీరియల్‌గా వచ్చినప్పుడు రాష్ట్రమంతా వణికిందంటారు. నా దగ్గరున్నది పత్రికలోంచి వారంవారం చించి, దబ్బనంతో కుట్టి, ఖాకీ అట్ట వేసిన ప్రతి. మంత్రగాడు కాద్రా క్షుద్రపూజ మొదలుపెట్టిన పేజీ తిప్పితే వెనకవైపు తలనూనె ప్రకటన, సగం తెగిన వారఫలాలు. నవల బలం కూడా సరిగ్గా అలాంటి ఇరుగుపొరుగులోనే ఉంది. కాష్మోరా అనే ఆ క్షుద్రశక్తి ఆ ఇంట్లోకి శ్మశానం నుంచి రాలేదు, వీలునామా నుంచి వచ్చింది. లేకలేక పుట్టిన ఆడపిల్ల పేరిట ఒక విదేశీ మిత్రుడు ఆస్తి రాశాడు. పిల్ల లేకపోతే అది చేతులు మారుతుంది. ఈ షరతును మనం నమ్మిన క్షణమే తర్వాత రాబోయే మంత్రాలన్నీ సగం నమ్మేసినట్టు. ఆస్తి కోసం సొంతవాళ్లే పసిబిడ్డ చావు కోరుకోగలరన్నది ఏ తెలుగు ఇంటికీ కొత్త కాదు కదా. తండ్రి ఉద్యోగం, తల్లి బెంగ, డాక్టర్ల రాకపోకలు ఓపిగ్గా కూర్చాకే రచయిత బొమ్మకు సూదులు గుచ్చించాడు.

ఇక్కడ నువ్వు రంగనాయకమ్మను తీసుకొస్తావని తెలుసు. ఆమె ఈ నవలను ‘గంజాయి దమ్ము’ అన్నారు. ఆ కోపం అకారణం కాదు. చేతబడి చేశారన్న అనుమానంతో మనుషుల్ని కొట్టి చంపిన వార్తలు మన రెండు రాష్ట్రాల్లోనూ దశాబ్దాలుగా వస్తున్నాయి. బాణామతి పేరుతో మెదక్ వైపు పల్లెలు పడిన బాధ తెలిసిందే. అలాంటి చోట మంత్రానికీ వైద్యానికీ సమాన మార్కులు వేసి, పిల్ల దేనివల్ల బతికిందో తేల్చకుండా వదిలేయడం గడుసుతనమే. ఒప్పుకుంటా. అయితే ఆ హాని ఎక్కడి నుంచి వచ్చిందో చూడు. ఇంటి వైపు అంత జాగ్రత్తగా కట్టిన రచయిత మంత్రగాడి వైపు ఆ పని చేయలేదు. ఒరిస్సా అడవిలోని ఆ మనుషులు ఏం పండిస్తారు, ఎవరికి శిస్తు కడతారు, ఎవరి దగ్గర అప్పుపడ్డారు, ఒక్క ముక్క లేదు. పట్నం ఇంటికి లెక్క ఉంది, అడవి ఊరికి లేదు. కాబట్టే అడవివాడు మనిషి కాకుండా భూతమయ్యాడు. రంగనాయకమ్మ తప్పుపట్టింది మూఢనమ్మకాన్ని. నేను దానికి ఇంకో మాట చేరుస్తున్నా, అంతే.

తమ్ముడు

ముచ్చుమర్రి దారిలో
గురువారం

అక్కా,

నిన్నటి నుంచి శ్రీశైలం వెనక జలాల అంచున ఉన్నా. సంగమేశ్వరం ఇక్కడికి దగ్గరే. ఏడు నదులు కలిసే చోటంటారు. అక్కడి గుడిలో ఉన్నది వేపమొద్దు లింగం. నీళ్లు బాగా తగ్గిన కొన్ని నెలలే గుడి పైకి కనిపిస్తుంది, మిగతా కాలం మునక. నీళ్లు పెరిగేటప్పుడు పూజారి పడవలో వెళ్లి శిఖరానికి హారతి ఇచ్చి వస్తాడు. పత్రికలు ఏటా ఆ ఫోటో వేస్తాయి. గుడితో పాటు మునిగిన ఊళ్ల ఫోటో మాత్రం వేయవు. 1981 వేసవిలో కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో వంద దాకా పల్లెల్ని ఖాళీ చేయించి ఇళ్లు కూల్చారు. 1986లో వచ్చిన జీవో 98 మునక కుటుంబానికో ఉద్యోగం ఇస్తామంది. ఆ ఉద్యోగాల కోసం ఈ ప్రాంతం వాళ్లు ఏళ్ల తరబడి దీక్షలు చేశారు. ‘తొంభై ఎనిమిది జీవో’ అంటే ఇక్కడ ఎవరికీ వివరించక్కర్లేదు.

ఇది నీకు ఎందుకు రాస్తున్నానంటే, తెలుగు వారపత్రికలు క్షుద్రశక్తుల కోసం శ్మశానాలు గాలించిన కాలం, ఈ ఊళ్లు కూలిన కాలం ఇంచుమించు ఒకటే. సొంత గడప మీదికి బుల్డోజరు రావడం కంటే భయానక దృశ్యం ఏ మంత్రగాడు సృష్టించగలడు? ‘తులసిదళం’లో వీలునామా ఉన్నట్టే ఇక్కడా కాయితం ఉంది, కాకపోతే దాని మీద ప్రభుత్వ ముద్ర. సీమ రచయితలు కరువు మీద, కక్షల మీద గొప్ప కథలు రాశారు. కానీ ఈ మునకను భయంగా, రాత్రి నిద్రపట్టని భయంగా రాసిన నవల ఒకటి ఉండి ఉంటే మన హారర్ కథ దారే మారేది. అది వార్తా వస్తువు, హారర్ కాదు అంటావేమో. హారర్ అంటే తలుపు వెనక ఏదో ఉందన్న అనుమానమే అయితే, నీళ్ల కింద తన ఇల్లుందని తెలిసి ఒడ్డున నిలబడటం దానికి ఏ విధంగా తక్కువ?

ఆ పని కొంత చేసింది నువ్వు మెచ్చుకునే రకమే, ఆత్మకథే. అలంపురం గడియారం రామకృష్ణశర్మ ‘శతపత్రం’. ఆయన పోయిన మరుసటి ఏడు, 2007లో, సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. అలంపురం కర్నూలుకు నది అవతలే. బాదామి చాళుక్యుల నవబ్రహ్మ ఆలయాలకు శ్రీశైలం నీళ్లు ముప్పు తెచ్చాయి. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి అక్కడికి మార్చి కట్టాల్సి వచ్చింది. శాసనాలు చదివి బతికిన మనిషి కాబట్టి ఆయనకు ఎవరు ఎవరికి ఎంత భూమి ఇచ్చారన్నదే చరిత్ర. లెక్క రాసే అలవాటు శాసనం నుంచి ఆత్మకథకు వచ్చింది. ఆత్మకథ కావడం వల్ల అది నిజం కాలేదు, రాసినవాడి ఆ అలవాటు వల్ల అయింది.

ఆత్మకథల్లోనూ బోలెడు దయ్యాల కథలున్నాయి. పెద్దమనుషులు చాలామంది ఏ సభలో ఏం మాట్లాడారో వివరంగా రాసుకుంటారు, ఆ రోజు పొయ్యి ఎవరు రాజేశారో రాయరు. కొండపల్లి కోటేశ్వరమ్మ ‘నిర్జన వారధి’ 2012లో వచ్చింది. బాల్యవితంతువు, కమ్యూనిస్టు ఉద్యమంలో రహస్య జీవితం, భర్త సీతారామయ్య వదిలి వెళ్లడం, కొడుకూ కూతురూ తనకంటే ముందే పోవడం: ఇందులో ఏ ఒక్కటైనా మరొకరి చేతిలో పడితే పేజీలకు పేజీలు కన్నీరే. ఆమె మాత్రం ఏడుపు దగ్గర వాక్యం చిన్నది చేసి, బతుకుతెరువు దగ్గర పెద్దది చేసింది. నగలు పార్టీకి ఇచ్చేసింది. నడివయసులో హైదరాబాదు వెళ్లి ఆంధ్ర మహిళా సభలో చిన్నపిల్లల పక్కన కూచుని చదివింది. కాకినాడలో హాస్టల్ మేట్రన్‌గా జీతం తెచ్చుకుంది. ఉద్యమాన్ని తిట్టదు, పొగడదు. ఆ జీతం ముందు విప్లవ నాయకుల స్మృతులు నాకు పలచబడిపోయాయి. ఆమె చెప్పనివి కూడా ఉండే ఉంటాయి. చెప్పిన చోట మాత్రం ఖాతా కుదురుతుంది.

తమ్ముడు

ఆత్మకూరు
శనివారం

అక్కా,

ఇక ప్రేమ నవలలు. నువ్వు ఇంటర్లో తలగడ కింద దాచినవే కాబట్టి వీటిని తక్కువ చేసే హక్కు నీకు అసలే లేదు. యద్దనపూడి ‘సెక్రటరీ’ 1960ల నడుమ జ్యోతి మాసపత్రికలో వచ్చింది, 1976లో సినిమా అయింది. అందరికీ గుర్తున్నది హీరో రాజశేఖరం ఎత్తూ, కారూ. అయితే ఆ నవలను అమ్ముడుపోయేలా చేసింది జయంతి ఉద్యోగం. బామ్మతో ఇరుకింట్లో ఉండే పిల్ల నెల జీతం కోసం వనితా విహార్‌లో చేరి, చుట్టూ ఉన్న డబ్బున్న ఆడవాళ్ల మధ్య తన పాత చీరతో తల ఎత్తుకుని నిలబడాలి. అప్పుడప్పుడే ఆఫీసుల్లో అడుగుపెడుతున్న మధ్యతరగతి ఆడపిల్లలకు అది కల కాదు, రేపటి సంగతి. ఆమె అభిమానానికి అంత బరువు రావడానికి కారణం ఆ జీతం ఆమెకు అవసరం కావడమే. అవసరం లేనివాళ్ల అభిమానం వట్టి అలకగా మిగులుతుంది. రాజశేఖరం దగ్గరకొచ్చేసరికి ఆ లెక్క తప్పింది. ఆ డబ్బు ఎక్కడ పుట్టింది, ఆయన ఫ్యాక్టరీలో ఎవరు పనిచేస్తారు అన్నది గాలికి పోయింది. తర్వాత రాసినవాళ్లంతా కారును అందుకుని బామ్మ ఇంటిని వదిలేశారు. అందుకే వాటిలో ఒక్క పేరూ నీకు గుర్తులేదు.

ప్రేమ చదివేది లెక్కలు మరిచిపోవడానికే కదా అన్నావు పోయిన ఉత్తరంలో. ఆ మాటలో బలముంది. పొద్దంతా చీటీపాటల వాయిదాలతో కొట్టుకునే మనిషికి రాత్రి నవలలోనూ అవే ఎందుకు? కానీ మరిచిపోవాలంటే మరవాల్సినదేదో పుస్తకంలో ముందు ఉండాలి. జయంతి పేదరికం లేకుండా రాజశేఖరం పెళ్లి మాటకు రుచి ఎక్కడిది?

నా వాదానికి లొంగని పుస్తకం కూడా ఒకటుంది. కర్నూలు కాశీభట్ల వేణుగోపాల్ ‘నేనూ చీకటి’. జీతం, ఇల్లు, కాయితం ఏవీ పట్టవు. ఒక మనసు లోపల తిరిగే మాటలే. అయినా ఏ కాష్మోరా కంటే ఎక్కువ భయపెట్టింది. దాన్ని నా కొలతలో ఇరికించే ప్రయత్నం చేయను. ప్రతి చీకటికీ కాయితం ఉండదని సరిపెట్టుకుంటున్నా.

రేపు దోర్నాల వైపు, నల్లమలలోకి. ‘మీనా’ నీ దగ్గరుంది కదా, పార్సిల్ చేయి. పట్నంలో డబ్బున్న తల్లి చేతుల్లో పెరిగిన పిల్ల, పల్లెలో సేద్యం చేసే బావ. అందులో ప్రేమకు పొలం ఉంది, పనులున్నాయి, ఇంట్లో బరువులున్నాయి. యద్దనపూడి నవలల్లో నా లెక్కకు పూర్తిగా నిలబడేది అదేనని నా అనుమానం. నువ్వు ‘సెక్రటరీ’నే పైన పెడతావని తెలుసు. ఎందుకో రాయి, శ్రీశైలం పోస్టాఫీసుకు.

తమ్ముడు