బేజుబాన్‌కి జుబాన్ ఎవరు?

“మీ ఇళ్లల్లో కుక్కని పెంచరు గదా, నీకెందుకు ఈ ఇల్మ్ అంతా?” అని దోస్తులు నవ్వుతుంటారు. కుక్క ఏదో మింగిందని ఎవరన్నా ఘబ్రాయించి ఫోన్ చేస్తే నేను టకటకా నాలుగు ప్రశ్నలు అడుగుతాను గనక.

నిజమే, మా ఇంట్లో కుక్క లేదు. అమ్మీ రానియ్యదు. చొంగ తగిలితే బట్టలు నాపాక్ అవుతాయని, నమాజ్‌కి మళ్లీ మార్చుకోవాలని ఆమె ఫికర్. కానీ పై వాటాలో ఉండే ఆంటీకి ఉంది. తెల్లటి పొమేరియన్. పేరు బబ్లూ. ఆంటీ కొడుకు అమెరికాలో ఉంటాడు. అంకుల్ పోయినాక ఆ ఇంట్లో ఆమె మాట వినేది బబ్లూ ఒక్కటే. అది మెట్లు దిగి మా దర్వాజా దాకా వస్తుంది, గడప ముందర ఆగిపోతుంది. దాని హద్దు దానికి తెలుసు. అమ్మీ హద్దు అమ్మీకి తెలుసు. ఇద్దరికీ సుల్హ్ కుదిరి ఏడేళ్లయింది.

బబ్లూ బరువు 4 కిలోలు. ఈ అంకె గుర్తుపెట్టుకోండి, అసలు సంగతి ఇందులోనే ఉంది. జహర్ ఎంత పని చేస్తుందనేది తిన్నదాని మీదే కాదు, తిన్నవాళ్ల బరువు మీద కూడా ఉంటుంది. చాక్లెట్‌నే చూడండి. అందులో థియోబ్రోమిన్ అనే పదార్థం ఉంటుంది. మనం దాన్ని తొందరగా అరిగించుకుంటాం, కుక్క ఒంట్లో అది గంటల తరబడి ఉండిపోతుంది. కుక్క బరువు కిలోకి 20 మిల్లీగ్రాముల దగ్గర వాంతులు, విరేచనాలు మొదలవుతాయి. 40 దాటితే గుండె దడ. 60 దాటితే ఫిట్స్. నల్ల చాక్లెట్‌లో గ్రాముకి 5 మిల్లీగ్రాముల దాకా, కొన్నిట్లో ఇంకా ఎక్కువే ఉంటుంది. 50 గ్రాముల బిళ్ల అంటే 250 మిల్లీగ్రాములు. 30 కిలోల లాబ్రడార్ తింటే కిలోకి 8 పడుతుంది, కడుపు కాస్త గడబిడ అయి ఊరుకోవచ్చు. బబ్లూ తింటే 62. అదే బిళ్ల, అదే ఇల్లు. ఒకరికి అల్లరి, ఒకరికి మౌత్. చిన్న కుక్క ఉన్న ఇంట్లో “కొంచెమే గదా తిన్నది” అనే మాటకి మతలబ్ లేదు.

పోయినేడు చాంద్ రాత్ నాడు ఇది మాకు బాగా తెలిసివచ్చింది.

చాంద్ కనబడిందని కబురొచ్చింది. బావర్చీఖానాలో అమ్మీ షీర్ ఖుర్మా సామాను సర్దుకుంటోంది. ఖజూర్ నానుతోంది. బాదం, పిస్తా సన్నగా తరిగి ఉన్నాయి. కడిగిన కిష్మిష్ తబక్‌లో ఆరుతోంది. మా ఆపా కొడుక్కి ఆరేళ్లు. ఇంటి నిండా అందరూ ఒకరికొకరు ఏదో ఒకటి ఇచ్చుకుంటుంటే వాడికీ ఎవరికన్నా ఇవ్వాలనిపించింది. పిడికిట్లో కిష్మిష్ పట్టుకుని మెట్ల దగ్గర బబ్లూకి ఈదీ ఇచ్చి వచ్చాడు.

కాసేపటికి ఆంటీ పరుగున కిందికొచ్చింది. బబ్లూ మూతి బొచ్చుకి కిష్మిష్ ఒకటి అతుక్కుని ఉంది. ద్రాక్ష, కిష్మిష్ కుక్కకి పెట్టకూడదని కొడుకు ఎప్పుడో చెప్పాడట. ఆమె చేతులు వణుకుతున్నాయి. బబ్లూ మాత్రం తోక ఊపుతోంది.

ఆ తోకే అందరినీ ధోకా ఇచ్చింది. “బాగానే ఉంది గదా, పొద్దున చూద్దాం” అన్నారొకరు. “ఉప్పు నీళ్లు పట్టించు, అంతా కక్కేస్తుంది” అన్నారు ఇంకొకరు. “పాలు తాగిస్తే విరుగుడు” అని మూడోవాళ్లు. “వేలు పెట్టి కక్కించు” అని నాలుగోవాళ్లు. మనిషికో నుస్ఖా. అందరూ ప్యార్‌తోనే చెప్పారు. నేను జంతువుల డాక్టర్‌కి ఫోన్ కలిపాను. ఆయన నుస్ఖాలు వినలేదు. బరువెంత? ఏం తిన్నది? ఎంత తిన్నది? ఎప్పుడు తిన్నది? ఇప్పుడు ఎట్లా ఉంది?

బరువు ఆంటీ చెప్పింది. ఏం తిన్నదో మూతి చెప్పింది. ఎంత, ఎప్పుడు? ఈ రెండింటికీ జవాబు తెలిసినవాడు ఆ ఇంట్లో ఒక్కడే. వాడు పర్దా వెనక నక్కి ఉన్నాడు.

“ఏక్‌హీచ్ దియా మామూ” అన్నాడు. ఒక్కటే పెట్టానని. వాడి కళ్లు చూస్తేనే తెలుస్తోంది ఒక్కటి కాదని. ఆపా చెయ్యెత్తింది. అమ్మీ ఆ చేతిని గాల్లోనే పట్టుకుంది.

“మారో నక్కో. దెబ్బ పడితే వీడు ఇంకో ఝూట్ చెప్తాడు. ఆ ఝూట్ మీద డాక్టర్ దవా ఇస్తాడు” అంది.

తబక్ తెచ్చి వాడి ముందర పెట్టింది. “నీ మీద ఎవరికీ గుస్సా లేదు బేటా. నువ్వు ఎంత ప్యార్ చేశావో నాకు చూపించు. బబ్లూకి అంత దవా పడుతుంది” అంది. వాడు పిడికిలి నింపి చూపించాడు. అమ్మీ కదలకుండా చూస్తూ ఉంది. వాడు రెండోసారి నింపాడు. ఎప్పుడంటే, “ఇషా అజాన్ అవుతుండగా” అన్నాడు. పిల్లలు గడియారం చూడరు, అజాన్ వింటారు. లెక్క తేలింది. రెండు పిడికిళ్లు, తూకం వేస్తే 30 గ్రాములు. ముప్పావుగంట అయింది.

“ఇంట్లో ఏమీ పట్టకండి. వెంటనే తీసుకురండి. రెండు గంటలు దాటితే కడుపులోంచి కిందికి జారిపోతుంది” అన్నారు డాక్టర్ సాబ్.

బయల్దేరుతుంటే పక్కింటి చాచా, “చాంద్ రాత్ నాడు కుక్కని ఒళ్లో పెట్టుకుని పోతావా, బట్టలు నాపాక్ కావా?” అన్నాడు. ఆయన తప్పు ఏం లేదు, ఆయనకి తెలిసిన మస్‌అలా ఆయన చెప్పాడు. అమ్మీయే జవాబిచ్చింది. “చొంగ తగిలితే నీళ్లతో కడుక్కుంటాం భాయ్‌సాబ్. జాన్ పోతే దేనితో కడుగుతాం?” దాహంతో మన్ను నాకుతున్న కుక్కకి బావిలోంచి నీళ్లు తోడి తాగించినవాడికి అల్లా మగ్ఫిరత్ ఇచ్చిన కిస్సా మా ఇళ్లల్లో పిల్లలకి కూడా తెలుసు. అమ్మీ దాన్ని ఎత్తలేదు. పాత తువ్వాలు ఒకటి నా చేతికిచ్చింది, అంతే.

క్లినిక్‌లో వాంతి ఇంజెక్షన్ ఇచ్చారు. ఉబ్బిన కిష్మిష్‌లు బయటపడ్డాయి. మొదటి విడతలో ఆరో ఏడో వచ్చాయి. పిల్లవాడు చెప్పిన “ఒక్కటే” నమ్మి ఉంటే అక్కడితో ఆపి ఇంటికి పంపేవారే. రెండు పిడికిళ్లని తెలుసు గనక ఆగారు. తర్వాత ఇంకా చాలా వచ్చాయి. రెండు రోజులు సెలైన్ ఎక్కించారు. గుర్దాలు ఎట్లా పని చేస్తున్నాయో తెలియడానికి మూడో రోజు దాకా రక్తంలో క్రియాటినిన్ చూశారు. ఈద్ నాడు నమాజ్ అయినాక ఆపా టిఫిన్ డబ్బా తీసుకుని క్లినిక్‌కి పోయింది. ఆంటీ షీర్ ఖుర్మా అక్కడే బెంచీ మీద కూర్చుని తిన్నది. మూడో రోజు రిపోర్ట్ నార్మల్ వచ్చింది.

కిష్మిష్‌లో ఏముందని అడిగాను. టార్టారిక్ ఆమ్లం అని చెప్పారు. చాలా ఏళ్లు కారణం ఎవరికీ అంతుపట్టలేదట. 2021లో అమెరికా పశువైద్యులు దీని మీద వేలు పెట్టారు. ఆ ఆమ్లపు లవణం కలిపి ఇంట్లో చేసిన ఆటముద్ద తిన్న కుక్కకి కూడా ద్రాక్ష తిన్నట్టే గుర్దాలు దెబ్బతినడం వాళ్లకి దారి చూపింది. పండు పండుకీ ఆ ఆమ్లం ఎక్కువ తక్కువ ఉంటుంది. అందుకే ఒక కుక్క తిని తిరుగుతుంది, ఇంకోటి కాసిని తిని కూలబడుతుంది. మొదటి రోజు వాంతులు, తర్వాత ఒకటి రెండు రోజుల్లో గుర్దాలు ఆగిపోవడం. ఇంత మాత్రం తినొచ్చని ఎవరూ చెప్పలేరు. ఇంకో మాట. మన ఇళ్లల్లో ఈ ఆమ్లం దండిగా ఉండేది చింతపండులో. చింతపండు బుట్ట కూడా ఎత్తున పెట్టండి.

ఇంకో కిస్సా చెప్పకుండా ఉండలేను. మూడేళ్ల కింద మా గల్లీలో ఒక ఎర్ర కుక్క ఉండేది. ఎవరిదీ కాదు, అందరిదీ. ఒక రోజు నుంచి నీరసంగా పడుకోవడం మొదలుపెట్టింది. ఎండ దెబ్బ అన్నారు. తర్వాత ముక్కులోంచి ఖూన్ కారింది. పొద్దున చూస్తే చనిపోయి ఉంది. అప్పుడు గోదాములో పని చేసే పిల్లవాడు నోరు విప్పాడు. ఎలకల కోసం పెట్టిన మందు బిళ్ల అది తినడం నాలుగు రోజుల ముందే చూశాడట. చెప్తే సేఠ్ తిడతాడని చెప్పలేదు. ఆ బిళ్లల్లో బ్రోమాడియోలోన్ లాంటి మందు ఉంటుంది. అది ఒంట్లో కె విటమిన్ పనిని ఆపేస్తుంది. మూడు నుంచి ఐదు రోజుల్లో రక్తం గడ్డకట్టే గుణం పోతుంది. దానికి విరుగుడు ఉంది, కె1 విటమిన్. కొన్ని వారాలు ఇవ్వాలి. మొదటి రోజు తెలిసి ఉంటే బతికేది. దవా ఉంది, వక్త్ ఉంది. చెప్పే జుబాన్ ఒక్కటే డర్‌తో మూసుకుపోయింది.

జాన్వర్ బేజుబాన్ అంటాం. అది తిన్నప్పుడు చూసినవాళ్లే దానికి జుబాన్. ఆ చూసినవాళ్లు ఎవరు? ఎక్కువసార్లు పిల్లలు, పనిమనిషి, వాచ్‌మన్, ఇంట్లో ముసలివాళ్లు. అంటే మనం గట్టిగా అరిస్తే భయపడేవాళ్లు. వాళ్లని భయపెట్టడమంటే ఆ జంతువు నాలిక మనమే కోసెయ్యడం. గుస్సా తర్వాత చేసుకోవచ్చు. ముందు నెమ్మదిగా అడగండి. ఏది, ఎంత, ఎప్పుడు.

అడిగినాక మిగిలింది జల్దీ చెయ్యడమే. ఆ రేపర్, సీసా, మిగిలిన ముక్క సంచిలో వేసుకుని పొండి. కక్కి ఉంటే అది కూడా. ఉప్పు నీళ్లు ఎప్పుడూ వద్దు. చిన్న కుక్కకి ఆ ఉప్పే జహర్, మెదడు దాకా పోతుంది. హైడ్రోజన్ పెరాక్సైడ్ కూడా డాక్టర్ చెప్పకుండా పట్టించొద్దు, కడుపు పుండవుతుంది. మత్తుగా ఉన్నా, ఫిట్స్ వస్తున్నా కక్కించొద్దు. యాసిడ్, ఫినాయిల్, కిరోసిన్ తాగినా వద్దు. సూది, ఎముక ముక్క, రిమోట్‌లోని గుండీ బ్యాటరీ మింగినా వద్దు. పోయిన దారిలోనే మళ్లీ కాలుస్తాయి, కోస్తాయి. నోట్లోంచో వెనకనుంచో దారం వేలాడుతుంటే లాగొద్దు, లోపల పేగు తెగుతుంది. ఎలకల మందుల్లో నల్లటి పొడి, జింక్ ఫాస్ఫైడ్ అయితే అన్నం, పాలు ఏవీ పెట్టొద్దు. కడుపులో ఆమ్లం పెరిగి విషవాయువు ఎక్కువ పుడుతుంది. కారు అద్దాలు దించి తీసుకుపొండి, ఆ గాలి మనకీ మంచిది కాదు.

తోక ఊపుతోందని ఆగొద్దు. షుగర్ లేని చూయింగ్ గమ్‌లో వాడే జైలిటాల్ అరగంటలోనే కుక్క రక్తంలో చక్కెరని పడగొట్టగలదు. బిర్యానీ మీది వేయించిన ఉల్లిగడ్డ అయితే కొన్ని రోజులు ఆగి ఎర్ర కణాలని కరిగిస్తుంది. మన ఒంటినొప్పుల ఐబుప్రోఫెన్ గోళీ కడుపునీ గుర్దాలనీ పట్టుకుంటుంది. ఒక్కోదానికి ఒక్కో గడువు. ఆ గడువు ఎంతో చెప్పేది డాక్టర్ సాబే, పక్కింటివాళ్లు కాదు.

పెంచేవాళ్లు ఇవాళే ఒక కాగితం రాసి ఫ్రిజ్ తలుపుకి అంటించండి. కుక్క బరువు, దగ్గరి డాక్టర్ నంబర్, రాత్రి తెరిచి ఉండే క్లినిక్ నంబర్. కింద ఒక సతర్ పిల్లలకి అర్థమయ్యేట్టు పెద్ద అక్షరాల్లో రాయండి: “చూస్తే చెప్పు, ఎవరూ కొట్టరు.” రాసినాక ఆ మాట నిలబెట్టుకోండి.

ఖుదా హాఫిజ్.