రాచకొండ ఎత్తు

ఎల్బీనగర్‌లో ఉండేవాళ్లకు రాచకొండ అంటే ఇన్నాళ్లూ ముందు గుర్తొచ్చింది పోలీసు బోర్డే. 2016లో ఇక్కడి కమిషనరేటుకు ఆ పేరు పెట్టారు. ఏళ్ల తరబడి ఆ బోర్డుల ముందు నుంచే తిరిగాను, కొండను మాత్రం చూడలేదు. మొన్న కార్తీకంలో ఒక ఆదివారం తెల్లారకముందే గేర్ల సైకిల్ తీశాను. దిల్‌సుఖ్‌నగర్, సాగర్ రోడ్డు, ఇబ్రహీంపట్నం, మంచాల. అంతవరకు లారీలు, దుమ్ము, రెండు చాయ్‌లు, అంతే.

ఆరుట్ల దాటాక రోడ్డు గుట్టల్లోకి తిరిగింది. ముందు చిన్న పళ్లచక్రం, వెనక పెద్దది వేసుకున్నా సైకిల్ నడకకంటే మెల్లగా కదిలింది. ఒక మలుపులో గేరు మార్చబోతే చైన్ ఊడింది. ఎక్కించేసరికి చేతులు నల్లగా అయ్యాయి. కొంతదూరం నెట్టాను, కొంతదూరం తొక్కాను.

రేచర్ల వెలమరాజులు 14వ శతాబ్దంలో నల్లగొండ జిల్లా ఆమనగల్లును వదిలి రాజధానిని ఇక్కడికెందుకు మార్చారో చదివినప్పుడు నాకు అర్థం కాలేదు. ఆ ఎత్తెక్కాక అర్థమైంది. గుర్రాలతో వచ్చిన దండయినా కోట దగ్గరికి చేరేసరికి సగం అలిసిపోతుంది. పైన కోట గోడల్లో సున్నం లేదు, రాయి మీద రాయి పేర్చారు. కొన్ని సందుల్లో నా గోరు కూడా దూరలేదు. సర్వజ్ఞ సింగభూపాలుడు ‘రసార్ణవసుధాకరం’ రాసింది ఇక్కడ రాజ్యం చేస్తూనే. నాటకం గురించి, రసం గురించి అంత లోతుగా ఆలోచించిన రాజు ఊరు మనకింత దగ్గరలో ఉంటే, పిల్లల్ని ఒక్కసారైనా తీసుకెళ్లకపోవడం తప్పేనని నా అభిప్రాయం.

దగ్గర్లోని ఒక లంబాడా తండాలో నీళ్లడిగితే ఒక ముసలమ్మ కూర్చోమంది. ఉడుకునీళ్లు పోసి జొన్నపిండి పిసికింది. ముద్దను అరచేత్తో తడుతూ తిప్పుతుంటే అంచు ఎక్కడా చిట్లలేదు. పెనం మీద వేసి, పైన తడిచేత్తో ఒక్కసారి రాసి, ఆ తడి ఆరగానే తిరగేసింది. పొయ్యి పక్క నిప్పులకు ఆనించగానే రొట్టె పొంగింది. దాని మీద ఎర్రకారం, ఒక ఉల్లిగడ్డ. నేనింతవరకు తిన్న భోజనాల్లో దానికి సాటి వచ్చేవి తక్కువ.

“ఏ ఊరు కొడుకా?”

“దిల్‌సుఖ్‌నగర్, యాడీ,” అన్నాను. తండాల్లో అమ్మను అలాగే పిలుస్తారు.

“కొత్తపేట పక్కపొంటే గద! మా సీతాఫలాలు ఆ మార్కెట్‌కే తెస్తుంటిమి. ఇప్పుడది బాటసింగారం పాయె.”

మూడు దశాబ్దాలుగా ఆ వీధుల్లో సీతాఫలం కొంటున్నాను. అవి ఏ గుట్ట దిగి వస్తున్నాయో ఎప్పుడూ అడగలేదు.

దిగేటప్పుడు బ్రేకులు పట్టిపట్టి వేళ్లు తిమ్మిరెక్కాయి. ఇల్లు చేరేసరికి దీపాలు పెట్టారు. ఆమె ఇచ్చిన నాలుగు కాయలు తువ్వాలులో చుట్టి తెచ్చాను, ఒక్కటీ నలగలేదు. బియ్యం డబ్బాలో పెడితే మూడో రోజుకు మగ్గాయి.