తాడు పట్టినోడు

ఎండకాలంలో ఊరి చేదబావి అడుగంటితే మా అయ్యకు కబురొచ్చేది. నడుముకు మోకు కట్టుకొని పూడిక తీయడానికి దిగేవాడు. పైన మోకు పట్టేది మా చిన్నాయిన, మా మేనమామ. ఊరోళ్లు ఒడ్డున నిలబడి పని చెప్పేవాళ్లే గాని మోకు మీద చెయ్యి వేసేవాళ్లు కాదు. గంపలకు గంపలు బురద ఎత్తి, ఊట కండ్ల చూసి అయ్య పైకొచ్చేవాడు. తర్వాత బావిలో పసుపునీళ్లు చల్లేవాళ్లు. తెల్లారి అదే బావి కాడ మా అవ్వ ఖాళీ బిందెతో దూరంగా నిలబడి, ఎవరన్నా పోస్తరా అని ఎదురుచూసేది. ఇది తాతల కాలం ముచ్చట కాదు. 1990ల నడుమ, నేను పలక పట్టిన ఏడు నా కండ్లతో చూసిందే.

మా తాత మోట బొక్కెనలు కుట్టేవాడు. ఆయన కుట్టిన తోలులో నుంచి పారిన నీళ్లతో పండిన వడ్లకు మైల లేదు. ఆయన చేతికే మైల.

మా ఇంట్లో డిగ్రీ చదివినవాణ్ణి నేనే మొదలు. సర్కారు బడిలో పంతులునైన. తమ్ముడు ఇంటర్ కాంగనే మిలిటరీకి పోయిండు. రెండో ఏడు సెలవుకొచ్చినప్పుడు ఒక ఫోటో చూపించిండు. నిట్టనిలువు గోడ, దానికి రంగురంగుల గడ్డల్లాంటి పట్లు, నడుమ బల్లిలెక్క మావోడు.

"ఇదేం కొలువురా తమ్మీ?" అన్న.

"ఎక్కుడు పోటీలన్నా. మా యూనిట్ టీంల నన్ను తీసుకున్నరు."

అవ్వ ఆ ఫోటోను చాలాసేపు చూసి ఒక్కటే అడిగింది: "బిడ్డా, తాడు ఎవరు పట్టిండ్రు?"

ఈ పోటీల సంగతి తమ్ముని నోటనే తెలుసుకున్న. మూడు తీర్లు. స్పీడ్‌లో గోడ 15 మీటర్లు, 5 డిగ్రీలు మన మీదికి వంగి ఉంటది. తాడును మిషనే గుంజుకుంటది. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో ఇండోనేషియాకు చెందిన వెడ్రిక్ లియోనార్డో ఆ గోడను 4.75 సెకన్లలో ఎక్కి బంగారు పతకం గెలిచిండు. బౌల్డరింగ్‌లో తాడే ఉండదు, కింద పరుపులుంటయి. మూడోది లీడ్. ఎక్కేవాడు తాడును వెంట తీసుకపోతూ ఒక్కో కొక్కేనికి తగిలించుకుంటడు. పట్టు తప్పితే కింద తాడు పట్టినవాడే దిక్కు. సైన్యాలకు ఇది ఉత్త ఆట కాదు, కొండల్లో పనికొచ్చే విద్య. 2010లో ఇటలీలోని ఆవోస్తాలో జరిగిన సైనికుల ప్రపంచ శీతాకాల క్రీడల్లో దీన్నీ ఆడిండ్రు.

తమ్ముడు ఆడేది లీడ్.

తమ్మునికి తాడు పట్టినవాడు ఉత్తరాది జవాను. మొదటి వారమే "పూరా నామ్ క్యా హై" అని అడిగిండట. పేరు చివర తోక లేకపోతే ఊరు అడిగిండు, ఊరు తర్వాత తండ్రి పని అడిగిండు. తెలిసిన రోజు నుంచి చాయ్ గ్లాసు జరుపుకొని కూర్చునేవాడు. ఉస్తాద్‌కు ఇవేం పట్టలేదు. ఇద్దరినీ జోడీ కట్టిండు.

"ఒకరోజు పైన చెయ్యి జారిందన్నా. ఇగ అయిపోయిన అనుకున్న. అంతల నడుముకాడ తాడు బిగుసుకుంది. కింద చూస్తే నన్ను ఆపిన ఊపుకు వాడు రెండడుగులు గాలిలకు లేచి ఉన్నడు."

నాకు కండ్లల్ల నీళ్లు తిరిగినయి. కులం ఓడిపోయిందనుకున్న. తమ్ముడు మాత్రం నవ్వలేదు. ఆ జవాను పెండ్లికి వాళ్ల ఊరు పోయిన ముచ్చట చెప్పిండు. పెద్దోళ్లు కులం కూపీ తీసిండ్రు. బంతిలో కూర్చున్నవాణ్ణి లేపి వాకిట్లకు పంపిండ్రు. పెండ్లికొడుకే విస్తరి తెచ్చి పెట్టిండట. పక్కన మాత్రం కూర్చోలేదు.

గోడకాడ ప్రాణం పట్టుకున్న చెయ్యి, వాకిట్లో ఎందుకు వదిలేసింది? ఏండ్లు ఆలోచించిన. గోడకాడ ఆర్డర్ ఉంది. ఆర్డర్ ఇస్తే పట్టుకుంటరు, తీసేస్తే వదిలేస్తరు. బాబాసాహెబ్ తండ్రి రాంజీ సక్పాల్ సుబేదారుగా పనిచేసిన సైన్యమే 1890లలో మహర్లను చేర్చుకోవడం ఆపేసింది. యుద్ధం అవసరం పడ్డంక 1941లో మహర్ రెజిమెంట్ పుట్టింది. 1943లో చమార్ రెజిమెంట్ కట్టిండ్రు, యుద్ధం అయిపోయినంక 1946లో రద్దు చేసిండ్రు. సత్తువ మాదే, ఆర్డర్ వాళ్లది.

ఎక్కే సత్తువ మాకు ఎవరూ ఇవ్వనక్కర లేదు. భువనగిరి గుట్ట మీద రాయి ఎక్కుడు నేర్చుకున్న సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలు మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్ కుమార్ 2014 మే 25న ఎవరెస్టు ఎక్కిండ్రు. ఒకరు లంబాడా బిడ్డ, ఒకరు దళిత బిడ్డ. గురువు, తాడు దొరికితే చాలు.

తమ్ముడు చెప్పిన ఒక నియమం నన్ను వదలలేదు. ఎక్కేవాడు ఎనిమిది అంకెలాంటి ముడి వేసుకుంటడు. తాడు పట్టేవాడు ఆ ముడిని చేత్తో తడిమి చూడాలె. వాని పట్టీలను ఎక్కేవాడు చూడాలె. చూడకుండా గోడ మీద కాలు పెట్టనియ్యరు. మన రాజ్యాంగంలో 17వ అధికరణం కూడా ముడే. 1950 నుంచి అంటరానితనం నేరం. ముడి వేసిపోయినాయన గట్టిగనే వేసిండు. రోజూ తడిమి చూసేటోళ్లే లేరు.

పోయిన ఏడు ఆటల పీరియడ్‌లో మా బడి పిల్లలకు ఆ ముడి నేర్పిన. ఎక్కించలేదు, ముడి మాత్రమే. ఊరి పిల్లలు, వాడ పిల్లలు జోడీలు. ఒకరు కట్టుకోవాలె, ఇంకొకరు తడిమి చూడాలె. మర్నాడు ఒక రైతు బడికొచ్చిండు.

"పంతులూ, మా పోరగాని నడుం వాడపోరగాడు తడిమిండంట."

"అవును. ఇయ్యాల మీవాడు వాని ముడి చూడాలె. ఉండి చూసిపో" అన్న.

ఆయన ఉండలేదు. పోరగాణ్ణి రమ్మని గేటు కాడ నుంచి పిలిచిండు. వాడు తాడు చేతిలోనే పట్టుకొని ఒకసారి తండ్రి దిక్కు, ఒకసారి జోడీగాని దిక్కు చూసిండు.

"ముడి ఇంకా చూడలే, బాపూ" అన్నడు.